ఖాళీ ట్యాంకులో 300 కెల్విన్ గాలి నింపితే 420 ఎలా అవుతుంది?

సెకండియర్_మెక్:
అన్నలూ అక్కలూ ఒక డౌట్, ఎంతసేపు చూసినా తెగట్లేదు. ఇన్సులేషన్ ఉన్న ట్యాంకు ఒకటి, లోపల పూర్తిగా వ్యాక్యూమ్. బయట పైపులైన్‌లో గాలి 300 కెల్విన్ దగ్గర ఉంది, లైన్ ప్రెజర్ మారదు. వాల్వ్ తెరిచి, ట్యాంకు ప్రెజర్ లైన్ ప్రెజర్‌తో సమానం అయ్యేదాకా ఉంచి మూసేస్తాం. లోపల టెంపరేచర్ ఎంత అని ప్రశ్న. హీట్ ఇవ్వలేదు, పిస్టన్ లేదు, ఫ్యాన్ లేదు, కాబట్టి 300 అనే కదా ఎవరైనా అంటారు, కానీ ఆన్సర్ 420 అని ఉంది. ఆ 120 డిగ్రీలకి ఎనర్జీ ఎవరిచ్చారు? ఫార్ములా కాదు, అది చెప్పండి ప్లీజ్.

పిస్టన్_రింగ్:
గాలికి గామా (సీపీ, సీవీ అనే రెండు స్పెసిఫిక్ హీట్‌ల నిష్పత్తి) 1.4 కదా తమ్ముడూ, 300 ఇంటూ 1.4 = 420. ఖాళీ ట్యాంకు అని కనిపిస్తే గామాతో గుణించెయ్ అంతే, పరీక్షలో అంత ఆలోచించే టైం ఉండదు.

ఎంథాల్పీ_అక్క:
అలా చెప్తే ఎలా పిస్టన్ గారూ, రేపు ట్యాంకులో ముందే కొంచెం గాలి ఉందని ఇస్తే ఆ గుణకారం పనిచెయ్యదు, పిల్లాడు అక్కడే ఇరుక్కుపోతాడు.

మెక్, ఎనర్జీ ఎవరిచ్చారు అని అడిగావు చూడు, దాన్నే పట్టుకో. పేపర్ మీద ట్యాంకు చుట్టూ ఒక గీత గీసెయ్. ఆ గీత దాటి ఏం వస్తోంది, ఏం పోతోంది, అది మాత్రమే లెక్క పెట్టు. లైన్‌లో ఉన్న 1 కేజీ గాలి తీసుకో. దాని ఇంటర్నల్ ఎనర్జీ సీవీ (వాల్యూమ్ మారకుండా కేజీని ఒక డిగ్రీ పెంచే వేడి) ఇంటూ టీ (టెంపరేచర్), అంటే 0.718 ఇంటూ 300 = 215.4 కిలోజౌల్స్. ఇప్పుడు అది గీత దాటాలి. బస్సు ఎక్కేటప్పుడు వెనకున్న జనం తోసేస్తే మన ప్రమేయం లేకుండానే లోపలికెళ్ళి పడతాం కదా, అలా దాని వెనకున్న గాలి దీన్ని లోపలికి నెడుతుంది. నెట్టడం అంటే పని చెయ్యడమే. ఆ పని పీవీ (ప్రెజర్ ఇంటూ వాల్యూమ్), ఐడియల్ గ్యాస్ కాబట్టి ఆర్‌టీ (ఆర్ అంటే గాలి గ్యాస్ కాన్‌స్టెంట్), 0.287 ఇంటూ 300 = 86.1 కిలోజౌల్స్. రెండూ కలిపితే 301.5. దీన్నే మనం ఎంథాల్పీ అంటాం, సీపీ (ప్రెజర్ మారకుండా కేజీని ఒక డిగ్రీ పెంచే వేడి) ఇంటూ టీ వేసినా అదే వస్తుంది, 1.005 ఇంటూ 300.

లోపలికి వచ్చాక ఆ గాలి ఎవర్నీ బయటికి నెట్టట్లేదు, గోడలు కదలవు, హీట్ పోవట్లేదు. కాబట్టి 301.5 మొత్తం ఇంటర్నల్ ఎనర్జీగానే ఉండిపోవాలి. 301.5 బై 0.718 = 420. నీకు ఎనర్జీ ఇచ్చింది లైన్‌లో వెనకున్న గాలి, దాన్ని నెట్టే కంప్రెసర్.

సెకండియర్_మెక్:
అక్కా సూపర్, 86.1 విడిగా చూపించాక అర్థమైంది. కానీ ఇప్పుడు ఇంకోటి మొదలైంది. ఫ్రీ ఎక్స్‌పాన్షన్ చాప్టర్‌లో ఒక ఇన్సులేటెడ్ డబ్బా, మధ్యలో పార్టిషన్, ఒక పక్క గ్యాస్ ఒక పక్క వ్యాక్యూమ్. పార్టిషన్ తీసేస్తే టెంపరేచర్ మారదు అని ఉంది. అక్కడా గ్యాస్ వ్యాక్యూమ్‌లోకే పోతోంది ఇక్కడా వ్యాక్యూమ్‌లోకే పోతోంది, మరి ఒకచోట 300 ఇంకోచోట 420 ఏంటి?

స్టీమ్‌టేబుల్:
ఇది ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న కూడా. డబ్బా కేసులో గీత మొత్తం డబ్బా చుట్టూ ఉంది, బయటి నుంచి నెట్టేవాళ్ళు ఎవరూ లేరు. నెట్టేది, నెట్టించుకునేది రెండూ గీత లోపలే. హీట్ సున్నా, పని సున్నా, ఇంటర్నల్ ఎనర్జీ మారలేదు, ఐడియల్ గ్యాస్‌కి ఇంటర్నల్ ఎనర్జీ టెంపరేచర్ మీదే ఆధారపడుతుంది కాబట్టి 300 దగ్గరే ఉంటుంది.

దీన్ని జౌల్ 1845లో చేసి చూపించాడు. ఒక పాత్రలో 22 అట్మాస్ఫియర్ల దాకా కుదించిన గాలి, ఇంకోదాంట్లో వ్యాక్యూమ్, మధ్యలో కాక్, రెండూ ఒకే నీళ్ళ తొట్టిలో. కాక్ తిప్పాడు, నీళ్ళ టెంపరేచర్‌లో తేడా దొరకలేదు. ఇక్కడిదాకా అన్ని పుస్తకాల్లో ఉంటుంది. తర్వాత ఆయన రెండు పాత్రల్నీ వేర్వేరు నీళ్ళలో పెట్టి మళ్ళీ చేశాడు. అప్పుడు గాలి ఖాళీ అవుతున్న పాత్ర చల్లబడింది, నిండుతున్న పాత్ర వేడెక్కింది, పోయిన వేడీ వచ్చిన వేడీ సరిపోయాయి. అంతకు ముందు 1807లోనే గే-లుసాక్ కూడా ఇలాంటిదే గమనించాడు.

అంటే మీ ట్యాంకు కథే అక్కడా జరిగింది తమ్ముడూ. వెనక మిగిలిన గాలి ముందున్న గాలిని నెట్టింది, నెట్టినందుకు తను చల్లబడింది, నెట్టించుకున్నది వేడెక్కింది. రెండు పాత్రల చుట్టూ కలిపి గీత గీస్తే తేడా సున్నా, నిండుతున్న పాత్ర ఒక్కదాని చుట్టూ గీస్తే వేడెక్కడం కనబడుతుంది. గీత ఎక్కడ గీశావో తెలియకుండా ఫార్ములా ఎత్తుకోకూడదు అని మేం మొత్తుకునేది ఇందుకే.

పిస్టన్_రింగ్:
సార్ లెక్క బానే ఉంది కానీ ల్యాబ్‌లో వ్యాక్యూమ్ చేసిన పాత్ర వాల్వ్ తెరిస్తే గాలి బుస్సుమని పోతుంది, చెయ్యి పెట్టి చూస్తే ఏ వేడీ ఉండదు. 420 అంటే 147 డిగ్రీల సెల్సియస్, చెయ్యి కాలాలి కదా.

స్టీమ్‌టేబుల్:
గాలి బరువు ఎంతో చూడండి ముందు. 50 లీటర్ల పాత్ర, 1 బార్, 420 కెల్విన్ అంటే లోపల సుమారు 0.0415 కేజీ, అంటే 42 గ్రాములు కూడా లేదు. అది 300కి దిగేటప్పుడు వదిలే వేడి 0.0415 ఇంటూ 0.718 ఇంటూ 120, సుమారు 3.6 కిలోజౌల్స్. పాత్ర 20 కేజీల స్టీల్ అనుకుంటే దాన్ని ఒక డిగ్రీ పెంచడానికే 9 కిలోజౌల్స్ పైన కావాలి. గోడ అర డిగ్రీ కూడా పెరగదు, చేతికేం తెలుస్తుంది. లెక్కలో ఇన్సులేషన్ అని రాశారంటే గోడ కూడా వేడి తీసుకోదు అనే అర్థం. నిజం పాత్రలో గోడే మొత్తం మింగేస్తుంది. సన్నటి థర్మోకపుల్ (టెంపరేచర్ కొలిచే తీగ) లోపల పెట్టి చూస్తే వాల్వ్ తెరిచిన క్షణాల్లో ఎగబాకడం కనిపిస్తుంది.

గ్యాస్_ఫిల్లింగ్:
చాన్నాళ్ళ తర్వాత మంచి థ్రెడ్. ఎంథాల్పీ గారు ముందే గాలి ఉంటే అన్నారు కదా, అది నేను చేస్తా. ట్యాంకులో మొదట 1 బార్, 300 కెల్విన్. లైన్ 10 బార్, 300 కెల్విన్. వచ్చిన మాస్ తెచ్చిన ఎంథాల్పీ = లోపల పెరిగిన ఇంటర్నల్ ఎనర్జీ. ఎంఆర్‌టీ బదులు పీవీ పెడితే లోపల పెరిగిన ఇంటర్నల్ ఎనర్జీ సీవీ బై ఆర్ ఇంటూ ప్రెజర్ తేడా ఇంటూ వాల్యూమ్ అవుతుంది, టెంపరేచర్ అసలు కనబడదు, చాలా హాయిగా ఉంటుంది. సింప్లిఫై చేస్తే చివరి మాస్, మొదటి మాస్‌కి 1 ప్లస్ 9 బై 1.4 రెట్లు, అంటే 7.43 రెట్లు. ప్రెజర్ 10 రెట్లు, మాస్ 7.43 రెట్లు, కాబట్టి టెంపరేచర్ 300 ఇంటూ 10 బై 7.43 = 404 కెల్విన్. 420 కాదు, ఎందుకంటే ముందున్న చల్లటి గాలి కూడా వాటా పంచుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. వాల్వ్ మూసేసి ట్యాంకుని మళ్ళీ 300కి చల్లబడనిస్తే గేజ్ 10 బార్ చూపించదు, అబ్సల్యూట్‌లో 7.43 బార్‌కి దిగిపోతుంది. సీఎన్‌జీ గబగబా నింపితే కాసేపటికి ప్రెజర్ పడిపోయి తక్కువ నిండినట్టు ఉండేది దీనివల్లే. హైడ్రోజన్ బళ్ళలో ఇది ఇంకా సీరియస్, 700 బార్ దాకా నిమిషాల్లో నింపాలి, ట్యాంకు 85 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు, అందుకే హైడ్రోజన్‌ని మైనస్ 40 దాకా ముందే చల్లబరిచి పంపిస్తారు. మామూలు టెంపరేచర్ దగ్గర హైడ్రోజన్‌ని వాల్వ్‌లో థ్రాటిల్ చేస్తే (ఇరుకు దారిలోంచి పంపి ప్రెజర్ తగ్గిస్తే) చల్లబడకపోగా కాస్త వేడెక్కుతుంది, అదొకటి అదనం. కానీ పెద్ద వాటా మాత్రం ఈ నెట్టుడుదే.

సెకండియర్_మెక్:
వామ్మో, చిన్న ప్రాబ్లం అనుకున్నా. అన్నా ఆ 700 బార్ దగ్గర పీవీ = ఎన్ఆర్‌టీ (ఐడియల్ గ్యాస్ సూత్రం) పెట్టొచ్చా?

గ్యాస్_ఫిల్లింగ్:
పెట్టకూడదు. కంప్రెసిబిలిటీ ఫ్యాక్టర్ జెడ్ (నిజం గ్యాస్ ఐడియల్ లెక్క నుంచి ఎంత తప్పుకుందో చెప్పే సంఖ్య, ఐడియల్‌కి 1) చూడాలి. మీథేన్ 200 బార్, 300 కెల్విన్ దగ్గర జెడ్ 0.85 దగ్గర్లో ఉంటుంది, అంటే ఐడియల్ లెక్క కంటే గ్యాస్ ఎక్కువే పడుతుంది. హైడ్రోజన్‌కి 700 బార్ దగ్గర జెడ్ 1 కంటే బాగా ఎక్కువ, అంటే ఐడియల్ లెక్క చెప్పినంత పట్టదు. ఒకదానికి మాలిక్యూల్స్ మధ్య ఆకర్షణ పైచేయి, ఇంకోదానికి మాలిక్యూల్స్ ఆక్రమించే చోటు పైచేయి. వాండర్‌వాల్స్ 1873లో తన గ్యాస్ సమీకరణంలో పెట్టిన ఏ, బీ రెండు పదాలు ఈ రెండింటి కోసమే.

కెమ్_ల్యాబ్:
హాయ్ అందరికీ, ఇది ఇంధనాల డౌట్, ఇక్కడే అడగొచ్చా? బొగ్గు ప్రాబ్లం. కార్బన్ 80, హైడ్రోజన్ 5, ఆక్సిజన్ 8, సల్ఫర్ 1 శాతం, మిగతా యాష్ వగైరా. డ్యూలాంగ్ ఫార్ములాతో (మూలకాల శాతాల నుంచి ఇంధనం ఇచ్చే వేడిని లెక్కకట్టే సూత్రం) గ్రాస్ (కాలితే వచ్చే మొత్తం వేడి) వచ్చింది, నెట్ (ఆవిరితో పోయేది తీసేశాక మిగిలే వేడి) దగ్గర నా ఆన్సర్ నా ఫ్రెండ్ ఆన్సర్ కలవట్లేదు. ఒకరేమో హైడ్రోజన్ 4 శాతం వాడారు ఇంకొకరు 5 వాడారు. ఏది కరెక్ట్?

ఎంథాల్పీ_అక్క:
అడగొచ్చమ్మా, ఇదీ అదే కుటుంబం. రెండు చోట్లా రెండు వేర్వేరు హైడ్రోజన్లు వాడాలి, అదీ మెలిక.

గ్రాస్ లెక్కలో హైడ్రోజన్ మైనస్ ఆక్సిజన్ బై 8 వాడతాం. ఇంధనంలో ఉన్న ఆక్సిజన్ అప్పటికే కొంత హైడ్రోజన్‌తో కలిసిపోయి ఉందని డ్యూలాంగ్ ఊహ, నీళ్ళలో 1 భాగం హైడ్రోజన్‌కి 8 భాగాలు ఆక్సిజన్ కాబట్టి అంత తీసేస్తాం. 5 మైనస్ 8 బై 8 = 4 శాతం. అప్పుడు 8080 ఇంటూ 0.80 = 6464, 34500 ఇంటూ 0.04 = 1380, 2240 ఇంటూ 0.01 = 22.4, మొత్తం 7866 కిలోక్యాలరీలు కేజీకి. మెగాజౌల్స్‌లో 33కి కాస్త తక్కువ.

నెట్ కోసం తీసెయ్యాల్సింది ఆవిరిగా పొగగొట్టంలో పోయే నీటి లేటెంట్ హీట్ (నీళ్ళు ఆవిరవ్వడానికి తీసుకునే వేడి), కేజీకి 587 కిలోక్యాలరీలు; 1 భాగం హైడ్రోజన్‌కి 9 భాగాల నీళ్ళు వస్తాయి. ఆక్సిజన్‌తో ముందే కలిసిన హైడ్రోజన్ కూడా నీళ్ళుగానే బయటికి వస్తుంది కదా, అది కాలకపోయినా ఆవిరవుతుంది. కాబట్టి ఇక్కడ పూర్తి 5 శాతం వాడాలి. 9 ఇంటూ 0.05 ఇంటూ 587 = 264. నెట్ 7602. బొగ్గులో తేమ విడిగా ఇస్తే దాన్నీ కలపాలి, మర్చిపోవద్దు.

కెమ్_ల్యాబ్:
థాంక్యూ అక్కా!! 4 వాడినవాళ్ళు ఎందుకు తప్పో ఇప్పుడు చెప్పగలను. ఇంకొక్కటి, బాంబ్ కెలోరిమీటర్‌లో (మూసిన పాత్రలో ఇంధనం కాల్చి వేడి కొలిచే సాధనం) వచ్చేది గ్రాసా నెట్టా? మా రికార్డులో ఏమీ రాయలేదు.

స్టీమ్‌టేబుల్:
గ్రాసే. మూత మూసిన స్టీల్ బాంబు, చుట్టూ గది టెంపరేచర్ నీళ్ళు, లోపల పుట్టిన ఆవిరి మళ్ళీ నీళ్ళయిపోయి దాని లేటెంట్ హీట్ కూడా నీళ్ళకి ఇచ్చేస్తుంది. ప్రయోగం అయ్యాక బాంబు తెరిస్తే గోడలకి నీటి బిందువులు కనిపిస్తాయి, ఈసారి చూడండి.

ఇంకో సూక్ష్మం ఉంది. బాంబు వాల్యూమ్ మారదు, కాబట్టి అది ఇచ్చేది ఇంటర్నల్ ఎనర్జీ తేడా. బర్నర్‌లో కాల్చేది స్థిర ప్రెజర్ దగ్గర, అక్కడ కావాల్సింది ఎంథాల్పీ తేడా. రెండింటికీ తేడా గ్యాస్ మోల్స్ మార్పు ఇంటూ ఆర్‌టీ. ద్రవ ఆక్టేన్ ఒక మోల్ కాలితే 12.5 మోల్స్ ఆక్సిజన్ పోయి 8 మోల్స్ కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, నీళ్ళు ద్రవం. మార్పు మైనస్ 4.5, అంటే 25 డిగ్రీల దగ్గర 11 కిలోజౌల్స్. ఆక్టేన్ మోల్‌కి ఇచ్చేది 5470. అంటే తేడా 0.2 శాతం, బర్నర్‌లో వచ్చేదే కాస్త ఎక్కువ. శుద్ధ కార్బన్ అయితే గ్యాస్ ఒక మోల్ పోయి ఒక మోల్ వస్తుంది కాబట్టి తేడానే లేదు. చిన్న సంఖ్యే కానీ వైవాలో అడుగుతారు.

పిస్టన్_రింగ్:
గ్రాస్, నెట్ తేడా మీథేన్‌కి ఎక్కువ అంటారు, ఎంత?

ఎంథాల్పీ_అక్క:
16 కేజీల మీథేన్ కాలితే 36 కేజీల నీళ్ళు, అంటే కేజీకి 2.25. దాన్ని కేజీ నీటి లేటెంట్ హీట్ 2.44 మెగాజౌల్స్‌తో గుణిస్తే 5.5. గ్రాస్ 55.5, నెట్ 50. హైడ్రోజన్ కేజీకి 9 కేజీల నీళ్ళు, తేడా 22 మెగాజౌల్స్, 142 కాస్తా 120 అవుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి తేడా లేదు, నీళ్ళే రావు కాబట్టి. కండెన్సింగ్ బాయిలర్ ఎఫిషియెన్సీ 100 దాటింది అని ఎక్కడైనా రాస్తే బెదిరిపోకండి, నెట్‌తో భాగించి ఉంటారు, అది ఆవిరి వేడిని కూడా వెనక్కి లాగుతుంది. కింద ఏ సంఖ్యతో భాగించారో చూడకుండా ఎఫిషియెన్సీలు పోల్చడం నాకు అస్సలు నచ్చదు.

టాప్‌గేర్:
పనిలో పనిగా నాదొకటి, ఆక్టేన్ నంబర్ ఎక్కువ ఉన్న పెట్రోల్‌లో ఎనర్జీ ఎక్కువ ఉంటుంది కాబట్టి పికప్ ఎక్కువ వస్తుంది, ఇది కరెక్టే కదా? అందరూ అదే అంటారు.

గ్యాస్_ఫిల్లింగ్:
కాదు బ్రో. ఆక్టేన్ నంబర్‌కీ ఎనర్జీకీ నేరుగా సంబంధం లేదు. ఐసో ఆక్టేన్‌కి 100, నార్మల్ హెప్టేన్‌కి 0 అని పెట్టుకుని, మన ఇంధనం ఏ మిశ్రమంలా నాక్ అవుతుందో చూసి ఇచ్చే నంబర్ అది. స్పార్క్ మంట చేరకముందే దానంతట అది అంటుకోకుండా ఎంత ఓర్చుకుంటుంది అన్నదే కొలుస్తారు. ఇథనాల్ ఆక్టేన్ నంబర్ 100 దాటుతుంది, కానీ నెట్ క్యాలరిఫిక్ వాల్యూ కేజీకి 27 మెగాజౌల్స్ లోపే. పెట్రోల్ 43 దగ్గర. ఆక్టేన్ ఎక్కువ, ఎనర్జీ తక్కువ, ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి.

టాప్‌గేర్:
మరి స్పోర్ట్స్ బైకులకి ఎక్కువ ఆక్టేనే పొయ్యమంటారు, ఊరికే అంటారా?

పిస్టన్_రింగ్:
ఇది నేను చెప్తా, నా ఏరియా. కంప్రెషన్ రేషియో (సిలిండర్‌లో మిక్స్చర్‌ని ఎన్నో వంతుకి నొక్కుతామో) కోసం. ఒట్టో సైకిల్ (పెట్రోల్ ఇంజన్ ఐడియల్ చక్రం) ఎఫిషియెన్సీ రేషియో 8 దగ్గర 56.5 శాతం, 10 దగ్గర 60.2, 12 దగ్గర 63. ఇవి కాగితం మీది ఐడియల్ గాలి లెక్కలు, నిజం ఇంజన్‌లో ఇందులో సగం అటూఇటూ వస్తే గొప్ప, కానీ పెరిగే దిక్కు నిజమే. అయితే రేషియో పెంచితే కంప్రెషన్ చివర మిక్స్చర్ టెంపరేచర్ కూడా పెరుగుతుంది, 300 దగ్గర మొదలుపెడితే 8కి 689 కెల్విన్, 12కి 811. మంట ఇంకా చేరని మూల మిక్స్చర్ ఒక్కసారిగా అంటుకుని టకటకమంటుంది, అదే నాకింగ్. ఎక్కువ ఆక్టేన్ ఇంధనం దాన్ని తట్టుకుంటుంది కాబట్టి ఎక్కువ రేషియో పెట్టుకోవచ్చు, పవర్ అక్కణ్ణుంచి వస్తుంది. తక్కువ రేషియో ఇంజన్‌లో ఎక్కువ ఆక్టేన్ పోస్తే ఒరిగేదేం లేదు.

డీజిల్‌కి పూర్తిగా ఉల్టా. అక్కడ స్పార్కే లేదు, దానంతట అదే అంటుకోవాలి. రేషియో 18 అయితే గాలి 953 కెల్విన్‌కి చేరుతుంది, స్ప్రే చేసిన డీజిల్ ఆలస్యం చెయ్యకుండా అంటుకోవాలి. ఆ తొందరని కొలిచేది సీటేన్ నంబర్. అందుకే మంచి పెట్రోల్ చెడ్డ డీజిల్, మంచి డీజిల్ చెడ్డ పెట్రోల్.

టాప్‌గేర్:
ఓకే కన్విన్స్ అయ్యా, 689, 811 నంబర్లు చూశాక ఇంక మాటల్లేవు.

సెకండియర్_మెక్:
ఎయిర్ ఫ్యూయల్ రేషియోలో 17.2 అని మీథేన్‌కి ఇస్తారు, పెట్రోల్‌కి 14.7. మాస్‌తోనా వాల్యూమ్‌తోనా?

స్టీమ్‌టేబుల్:
మాస్‌తో. 16 కేజీల మీథేన్‌కి 64 కేజీల ఆక్సిజన్, కేజీకి 4, గాలిలో మాస్ లెక్కన ఆక్సిజన్ 23.2 శాతం, 4 బై 0.232 = 17.2. వాల్యూమ్‌తో అయితే 2 బై 0.21 = 9.5. 21, 23 కలిపేస్తే ఆన్సర్ పోతుంది, మార్కులన్నీ ఇక్కడే పోతాయి.

ఫస్టియర్_కెమ్:
నేను ఇన్నాళ్ళూ చదువుతూ ఉండేదాన్ని, మొదటి పోస్ట్. ఎల్‌పీజీ సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది, సీఎన్‌జీ 200 బార్‌లో కూడా గ్యాస్‌గానే ఉంటుంది. ఎక్కువ నొక్కితే అది కూడా ద్రవం అవ్వాలి కదండీ?

గ్యాస్_ఫిల్లింగ్:
వెల్కమ్. ఎంత నొక్కినా అవ్వదు, క్రిటికల్ టెంపరేచర్ వల్ల. మీథేన్‌ది మైనస్ 82.6 డిగ్రీల సెల్సియస్, అంతకంటే వేడిగా ఉంటే ప్రెజర్‌తో ద్రవం చెయ్యలేం. ద్రవంగా కావాలంటే అట్మాస్ఫియర్ ప్రెజర్ దగ్గర మైనస్ 162కి చల్లబరచాలి, అదే ఎల్ఎన్‌జీ. ప్రొపేన్ క్రిటికల్ టెంపరేచర్ 96.7, గది టెంపరేచర్ దానికి చాలా కింద ఉంది కాబట్టి 20 డిగ్రీల దగ్గర 8.4 బార్ చాలు.

ఫస్టియర్_కెమ్:
అయితే వాడేకొద్దీ ఎల్‌పీజీ సిలిండర్ ప్రెజర్ తగ్గాలి కదా, పీవీ = ఎన్ఆర్‌టీ ప్రకారం ఎన్ తగ్గుతోంది. కానీ చివరిదాకా మంట ఒకేలా ఉంటుంది. ఎక్కువ మంట పెట్టి చాలాసేపు వాడితే సిలిండర్ కింది భాగం మీద మంచులా పడుతుంది, అదేంటో కూడా చెప్పరా?

ఎంథాల్పీ_అక్క:
లోపల ద్రవం ఉన్నంతసేపు ప్రెజర్‌ని నిర్ణయించేది టెంపరేచర్, ఎంత మిగిలింది అన్నది కాదు. గ్యాస్ కాస్త బయటికి పోగానే ద్రవం అంత ఆవిరై ఖాళీని నింపేస్తుంది, వేపర్ ప్రెజర్ (ద్రవం పైన దాని ఆవిరి చూపే ప్రెజర్) అలాగే నిలబడుతుంది. అందుకే ఎల్‌పీజీ ఎంతుందో ప్రెజర్ గేజ్ చెప్పలేదు, తూచాలి. సీఎన్‌జీ మొత్తం గ్యాసే కాబట్టి అక్కడ గేజ్ చూస్తే తెలిసిపోతుంది.

మంచు సంగతి, ఆవిరవ్వడానికి కేజీకి సుమారు 350 కిలోజౌల్స్ కావాలి. మంట ఇచ్చే 46 మెగాజౌల్స్‌తో పోలిస్తే ఒక శాతం కూడా కాదు, కానీ అది మంట నుంచి రాదు, సిలిండర్ గోడ దాటి బయటి గాలి నుంచి రావాలి. మెల్లగా వాడితే గాలి ఇవ్వగలదు. గట్టిగా లాగితే సరిపోక ద్రవం తన ఇంటర్నల్ ఎనర్జీ నుంచే తీసుకుని చల్లబడుతుంది, గోడ సున్నా కిందికి పోతే గాలిలో తేమ దానిమీద గడ్డకడుతుంది. మంచు ఎక్కడిదాకా పడిందో లోపల ద్రవం మట్టం సుమారు అక్కడిదాకా, వేడి లాగేది అక్కడే కాబట్టి. చల్లబడిందంటే వేపర్ ప్రెజర్ కూడా పడిపోతుంది, మంట నీరసిస్తుంది. వాడకం ఆపి కాసేపు వదిలేస్తే కోలుకుంటుంది, దానికి మంట చూపించి వేడి చెయ్యడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు.

ఫస్టియర్_కెమ్:
చాలా క్లియర్‌గా ఉందండీ. చలికాలంలో సిలిండర్ చివరికొచ్చేసరికి మంట తగ్గిపోవడం కూడా ఇదేనా?

గ్యాస్_ఫిల్లింగ్:
కొంత ఇదే, కొంత మిశ్రమం వల్ల. ప్రొపేన్ మైనస్ 42 దగ్గర మరుగుతుంది, నార్మల్ బ్యూటేన్ మైనస్ 0.5 దగ్గర. ముందు ప్రొపేన్ ఎక్కువ పాళ్ళలో ఆవిరైపోతుంది, అడుగున మిగిలేదాంట్లో బ్యూటేన్ పాలు పెరుగుతుంది. చలి సున్నాకి దగ్గరైతే ఆ బ్యూటేన్ వేపర్ ప్రెజర్ బయటి ప్రెజర్ కంటే కాస్తే ఎక్కువ ఉంటుంది, రెగ్యులేటర్‌ని నడిపేంత తోపు ఉండదు. తూస్తే లోపల ఇంకా బరువు ఉంటుంది, గ్యాస్ మాత్రం రాదు.